దెయ్యం వచ్చినప్పుడల్లా ఒక ఐసుముక్క

పుస్తకాన్ని పసుపు గుడ్డలో మూటకట్టి, వేపరెబ్బలు దోపి, జీడిమామిడి కొమ్మకు వేలాడదీశారు. నా సర్వీసులో కత్తుల్ని సాక్ష్యంగా చూశాను, పురుగుమందు డబ్బాల్ని చూశాను. ఒక కథల పుస్తకానికి ఉరి వెయ్యడం మాత్రం ఇదే మొదటిసారి చూడటం.

సాయంత్రం నాలుగింటికి దాన్ని తగలబెడతారట. ఆ తర్వాత సూరమ్మ సంగతి తేలుస్తారట. నేను మొగలిదొడ్డిలో స్కూటీ దిగేసరికి ఒంటిగంటన్నర. ఎస్సైకి ఫోన్ చేస్తే భావనపాడు హార్బర్ దగ్గర బందోబస్తులో ఉన్నానని, ఐదు దాటాక వస్తానని అన్నాడు. ఐదు దాటాక వచ్చి ఏం చేస్తాడు, పంచనామానా? నాకు ఒళ్లు మండిపోయింది.

విషయం ఇంతే. ఈ ఊరి వైకుంఠరావు మాస్టారు పోయి మూడు రోజులైంది. కిడ్నీలు పాడై రెండేళ్లుగా పలాసలో డయాలసిస్ చేయించుకుంటున్నారు. ఉద్దానంలో అది వింతేమీ కాదు, ప్రతి వీధిలో అలాంటి మంచం ఒకటుంటుంది. ఆయనకు చూపు కూడా ఆనదు. అందుకని రోజూ మధ్యాహ్నం సూరమ్మ వచ్చి ‘గాలి వాకిలి’ అనే పాత దెయ్యాల కథల పుస్తకం చదివి వినిపించేది. రోజుకో కథ. ఆఖరి కథ సగంలో ఉండగా ఆయన అరుగు మీద పక్కకి ఒరిగిపోయారు. గుండె ఆగిందని డాక్టర్ రాసిచ్చాడు. ఆ సాయంత్రమే దహనం. మర్నాటి నుంచి ఊళ్లో చిల్లంగి, అంటే చేతబడి, అనే మాట లేచింది. సూరమ్మ చదివింది కథ కాదు, మంత్రమట. మాస్టారి కాళ్లూ చేతులూ కట్టేసి ప్రాణం లాగేసిందట.

చిల్లంగి మాట పడ్డ ఆడదానికి ఈ జిల్లాలో ఏం జరుగుతుందో నాకు తెలుసు. పళ్లు ఊడగొట్టిన ముసలమ్మ స్టేట్‌మెంట్ తీసుకున్నాను నేను, కానిస్టేబుల్‌గా ఉన్నప్పుడు. ఆవిడ నోట్లోంచి మాట రాక రాసుకోవడానికి పూట పట్టింది. అందుకే సూరమ్మ కూతురు స్వాతి నిన్న టెక్కలిలో నా డిటెక్టివ్ ఆఫీసు గుమ్మం ఎక్కి, “నాగసుధ మేడం, మా అమ్మని బతకనివ్వరు,” అనగానే ఇంకేమీ అడక్కుండా కేసు తీసుకున్నాను.

సూరమ్మ ఇంటి తలుపు లోపల గడియ వేసి ఉంది. స్వాతి గొంతు విన్నాకే తీసింది. నలభై ఐదేళ్ల మనిషి. వేళ్ల చివర్లు జీడిపిక్కల చమురుకి నల్లబడి ఉన్నాయి. గుమ్మం పక్కన నాలుగైదు రాళ్లు పడున్నాయి. ఇంట్లోకి వచ్చిన రాళ్లు.

“కొట్టారా?”

“ఇంకా నేదమ్మా. రాళ్లేసినారు. పొద్దుగూకాక సెప్తామన్నారు.”

“సరే. ఏడవకుండా చెప్పాలి. పుస్తకం ఎవరిది?”

“మేస్టారిదే. ఆయన సిన్నప్పటిది. అట్ట సిరిగిపోనాది, రాసినాయన పేరు గూడా నేదు. నాను ఏడో తరగతి దాకా ఆయన కాడే సదివినాను. పొద్దున్న పలాస బట్టీకెల్లి పిక్కలొల్చుకొని మద్దినేల ఇటొచ్చీసరికి, అరుగు మీద కూకొని నాకోసం సూసీవోరు. ‘రావే సూరమ్మా, దెయ్యాలు కాసుకుని ఉన్నాయి’ అనీవోరు.”

“కథలకి భయపడేవారా?”

సూరమ్మకి ఆ ఏడుపులోనే నవ్వొచ్చింది. “ఆయనా! దెయ్యం వచ్చీసరికి పిల్లడైపోయీవోరు. భయం నాకమ్మా. ఇంటికెల్లేటప్పుడు ఎనక్కి సూసుకుంటూ ఎల్లీదాన్ని. ఆయనైతే ‘దెయ్యం వచ్చింది, ముక్క ఎట్టు’ అనీవోరు.”

“ఏం ముక్క?”

“ఐసుముక్క. నీలు తాగకూడదు గదమ్మా ఆయన. దాహం ఆగక సచ్చిపోయీవోరు. రోజంతా ఒక సిన్న ఫ్లాస్కు ఐసే లెక్క. ఊరికే సప్పరిస్తే మద్దినేలకే అయిపోతాది గదా. అందుకని మేస్టారే రూలెట్టినారు. కథలో దెయ్యం వచ్చినప్పుడల్లా ఒక ముక్క. నాను ఫ్లాస్కులోంచి తీసి నోట్లో ఎట్టీదాన్ని.”

దాహాన్ని దెయ్యాలతో కొలుచుకున్న మనిషి. ఆయన్ని నేను చూడలేదు. చూసి ఉంటే బాగుండేదనిపించింది.

“ఐసు రుచి తేడాగా ఉందని ఎప్పుడైనా అన్నారా?”

“ఆయనకి రుచెక్కడిదమ్మా? ఆ రోగమొచ్చినోలకి నోరు సచ్చిపోతాది. ఏటి తిన్నా ఇనుము సప్పరించినట్టే ఉందనీవోరు.”

“నువ్వెప్పుడైనా ఓ ముక్క నోట్లో వేసుకున్నావా?”

నా మొహంలోకి చూసింది, నేనేదో అనరాని మాట అన్నట్టు. “రోగిట్టోల నీలు మనం ముట్టుకుంటామేటమ్మా? కొలిసిచ్చిన నీలు గదా. అందులో గుక్కెడు తాగితే ఆల ప్రాణంలోంచి తాగినట్టే.”

ఆ మాట నిజమే. ఈ ఊళ్లలో డయాలసిస్ మనిషి చెంబుని పసిపిల్లలు కూడా ముట్టుకోరు. ఈ మర్యాద తెలిసినవాడికి, ఆ ఫ్లాస్కులో ఏం పోసినా ఇంకో నాలిక మీద పడదని కూడా తెలిసి ఉంటుంది.

“ఫ్లాస్కు ఎవరు తెచ్చేవారు?”

“మనోహర్ బాబు. మేస్టారి మేనల్లుడు. రెండేల్లుగా ఆయన కాడే ఉంటన్నాడు. లోపల్నించి తెచ్చి అరుగు మీద ఎట్టీసి ఎల్లిపోయీవోడు.”

“చివరి రోజుల్లో మాస్టారు ఎలా ఉన్నారు?”

“కాళ్లు బరువెక్కిపోనాయన్నారు. పెదాలు తిమ్మిరన్నారు. ఆఖరి రోజు సెయ్యి లేపనేకపోనారు. అదే ఊరోల్లు నాను కట్టీసినానంటన్నారు.” కొంగుతో మొహం తుడుచుకుంది. “పలాస తీసుకెల్తే బాగున్నేమో. మిసను పాడైందని రెండు తడవలు తీసుకెల్లనేదు మనోహర్ బాబు.”

నేను లేచి బయటికొచ్చి డయాలసిస్ సెంటర్‌కి ఫోన్ చేశాను. అక్కడ టెక్నీషియన్ సూర్యతేజ, ఇంతకు ముందు ఒక కేసులో పరిచయం. మిషన్ ఈ నెలలో ఒక్క పూట కూడా ఆగలేదన్నాడు. “వైకుంఠరావు గారా? ఆయన మేనల్లుడు ఫోన్ చేసి, వైజాగ్ తీసుకెళ్లిపోయాం, మీ దగ్గరికి రామన్నారు మేడం. అక్కడే పోయారా పాపం?”

పోయింది వైజాగ్‌లో కాదు తమ్ముడూ, మేనల్లుడి చేతుల్లో, అని నోటి దాకా వచ్చింది. మింగేశాను. రుజువు లేకుండా మాట వదిలితే అది మనకే తిరిగి తగులుతుంది.

మాస్టారి ఇల్లు జీడితోటకి ఆనుకొని ఉంది. ఆ తోట కోసమే గొడవని స్వాతి ముందే చెప్పింది. మనోహర్ దాన్ని తవ్వి రొయ్యల చెరువులు చేద్దామంటాడు. ఊరి బావుల్లోకి ఉప్పునీళ్లు దిగుతాయని, తను బతికుండగా సంతకం పెట్టనని మాస్టారు. బతికుండగా అన్న మాటే మనోహర్‌కి దారి చూపించి ఉంటుంది.

అతను అరుగు మీదే దొరికాడు. ముప్పై ఐదేళ్లు ఉంటాయి. తెల్లచొక్కా, మెడలో సన్నటి గొలుసు, గొంతులో బోలెడు మర్యాద.

“రండి మేడం. స్వాతి మిమ్మల్ని తెచ్చిందని విన్నాను. పాపం, కూతురు కదా.”

“చిల్లంగిని మీరు నమ్ముతారా?”

“నేను ఎంబీఏ చేశాను మేడం. ఊరు నమ్ముతోంది. ఊరికి నేనేం చెప్పగలను?”

“డయాలసిస్‌కి ఎందుకు తీసుకెళ్లలేదు?”

“మిషన్ రిపేరన్నారు.”

“సెంటర్‌ వాళ్లకి వైజాగ్ వెళ్లామని ఎందుకు చెప్పారు?”

చొక్కా చేతులు మడుచుకున్నాడు. ఒక మడత, ఇంకో మడత. ఆ మడతల్లో జవాబు వెతుక్కున్నాడు. “మావయ్యే వద్దన్నాడు. సూదులు పడలేకపోతున్నానన్నాడు. పేషెంటు రానంటే సెంటర్‌లో నాకు క్లాసు పీకుతారని అలా చెప్పాను. అది నేరమా?”

“ఐసు ఫ్లాస్కు ఏది?”

“కర్మకాండలో ఏ సామాను ఎటు పోయిందో నాకేం తెలుసు?”

“మీరేగా రోజూ తెచ్చింది?”

“తెచ్చాను. ఐసు తీసుకెళ్లి ఇచ్చాను. మావయ్య నోట్లో పెట్టింది సూరమ్మ. చదివింది సూరమ్మ. ఆయన పోయినప్పుడు పక్కనున్నది సూరమ్మ. ఊరు ఊరికే అంటుందా?” ఒక్క అడుగు దగ్గరికొచ్చాడు. “మేడం, బాడీ లేదు. సర్టిఫికెట్లో గుండెపోటని ఉంది. మీ టైమెందుకు వేస్టు?”

ఇంతలో లోపల్నుంచి ఒకావిడ మజ్జిగ గ్లాసు తెచ్చింది. మాస్టారి చెల్లెలు, మనోహర్ తల్లి విజయకుమారి. ఒడిశాలో రైల్వే క్వార్టర్సులో నలభై ఏళ్లు కాపురం చేసి, భర్త పోయాక ఈ ఫిబ్రవరిలోనే అన్న దగ్గరికి వచ్చిందట. ఏడ్చి ఏడ్చి కళ్లు వాచిపోయి ఉన్నాయి.

“మాయన్న దాహం సూసినారా మీరు?” అంది, ఎవరూ అడక్కుండానే. “నాలిక బయటెట్టి పసిపిల్లడల్లే సూసీవోడు. ఏ తల్లి సూడగలదు? ఏ సెల్లెలు సూడగలదు?”

“అమ్మా, లోపలికెళ్లు,” అన్నాడు మనోహర్. ఆవిడ వెళ్లిపోయింది.

నేను అరుగంతా వెతికాను. మాస్టారు కూర్చున్న మడతకుర్చీ, సూరమ్మ పీట, మూలన ఇన్వర్టర్ బ్యాటరీ. నేల ఫినాయిల్ వేసి కడిగేశారు. ఫ్లాస్కు లేదు, గ్లాసు లేదు, ఒక గుడ్డపీలిక కూడా లేదు. శవం కాలిపోయింది, నేల కడుక్కుపోయింది. ఇక ఆ అరుగు మీద, ఆ చేతుల మధ్య ఉన్న వస్తువు ఒకే ఒక్కటి మిగిలింది. అది బయట కొమ్మకి వేలాడుతోంది. నాలుగింటికి అదీ బూడిద. ఊరి మూఢనమ్మకం చేతే సాక్ష్యం కాల్పిస్తున్నాడు. ఎంబీఏ ఊరికే పోలేదు.

చెట్టు దగ్గర అప్పటికే జనం. మధ్యలో సెల్ఫీ స్టిక్కు పట్టుకొని ఒక నల్లచొక్కా కుర్రాడు. లోకనాథ్. ‘భయలోకం’ అనే యూట్యూబ్ చానల్ వాడిది. పాడుబడ్డ బంగళాల్లో తలుపులు కిర్రుమనిపిస్తూ బతుకుతాడు. పోయినేడు రావివలస పక్క దొంగతనం కేసులో, దొంగ ఇంట్లో దూరిన గోడ కన్నాన్ని వీడు ఆత్మ వచ్చిన ద్వారమని చెప్పి మూడు వీడియోలు తీశాడు. నేను దొంగను పట్టుకున్నాక నా మీద ఒక వీడియో తీశాడు. మాకంత స్నేహం.

“భయలోకం ఫ్యామిలీ, లైవ్‌లో ఉన్నాం! చదివిన వాళ్ల ప్రాణం తీసే పుస్తకం ఇదే! స్పిరిట్ మీటర్ ఏం చెబుతోందో చూడండి…” చేతిలో ఎర్రలైట్ల డబ్బా ఒకటి కీచుమంటోంది. జనం వెనక్కి జరిగారు.

“అరుగు మీద కూడా మోగిందా?” అని అడిగాను.

“అరుగు మీద ఇంకా గట్టిగా మోగింది. మాస్టారి ఆత్మ అక్కడే ఉంది.”

“అక్కడ ఉన్నది ఇన్వర్టరు. ఇక్కడ నీ నెత్తి మీద ఉన్నది కరెంటు తీగ. అది కరెంటు మీటరురా నాయనా. ఆన్‌లైన్లో దొరుకుతుంది. ఇటు ఇవ్వు, నీ ఫోన్ దగ్గర పెడతాను, నీలోనూ ఆత్మ ఉందని చెబుతుంది.”

ఎవరో కిసుక్కున నవ్వారు. లోకనాథ్ మొహం మాడిపోయింది. “ముప్పై వేల మంది చూస్తున్నారు మేడం. మాటలు కాదు. దమ్ముంటే ఆ మూట విప్పండి. ఆఖరి కథ చదవండి. సూరమ్మ చదివిన కథ.”

“నేనడగాల్సిన మాట నువ్వే అడిగావు. నిన్నిక్కడికి పిలిచిందెవరు?”

“సోర్స్ చెప్పం.”

“చెప్పకు. కెమెరా మాత్రం ఆపకు.”

నేను కొమ్మ కిందికి వెళ్లాను. ఒక పెద్దాయన, “వద్దమ్మా, పిల్లలుగలదానివి,” అన్నాడు. ఆయన గొంతులో కోపం లేదు, నిజమైన భయం ఉంది. దాచడమెందుకు, ముడి మీద చెయ్యి వేసినప్పుడు నేనూ ఒక్క క్షణం తటపటాయించాను. వందమంది ఒకేసారి ఊపిరి బిగబడితే ఎవరైనా అంతే. ముడి విప్పాను. వేపరెబ్బలు రాలిపడ్డాయి. చేతికి మెత్తబడిన పాత కాగితం తగిలింది.

ఆఖరి కథ పేరు ‘పిలుపు’. మొదలుపెట్టి పైకి చదివాను.

సముద్రం మీదికెళ్లిన మొగుడు తిరిగిరాని ఒక బెస్త పడుచు కథ అది. ప్రతి సాయంత్రం దీపం పెట్టేవేళకి తలుపు బయట మొగుడి గొంతు ఆమెను పేరు పెట్టి పిలుస్తుంది. పలక్కు అంటుంది అత్త. మొదటి రోజు పలకదు. రెండో రోజు గొంతు ఏడుస్తుంది. మూడో రోజు తడిబట్టలు పిండిన చప్పుడు, గుమ్మం కింద నుంచి లోపలికి పాకే ఉప్పునీళ్లు.

మనిషి బుర్ర ఎంత తమాషాదో. రాళ్లు పట్టుకొని నిలబడ్డవాళ్లు ముందుకు జరిగారు. లోకనాథ్ నోరు తెరిచి వింటున్నాడు. సూరమ్మ ఇంటి తలుపు ఎప్పుడు తెరుచుకుందో, తనూ స్వాతి వచ్చి గుంపు చివర నిలబడ్డారు. వాళ్లని ఎవరూ పట్టించుకోలేదు. అందరికీ ఆ తలుపు తెరుస్తుందా లేదా అన్నదే కావాలి.

పేజీ తిప్పబోయాను. రాలేదు.

వేలు తడి చేసుకొని మళ్లీ ప్రయత్నించాను. రెండు కాగితాలు మూల దగ్గర అతుక్కుపోయి ఉన్నాయి. మెల్లగా విడదీస్తే చిన్న చప్పుడుతో ఊడాయి. మూల గోధుమరంగుకి తిరిగి ఉంది. మడతలోంచి ఎర్రచీమలు నాలుగు బయటికొచ్చి నా బొటనవేలెక్కాయి.

చదువుతూనే ఉన్నాను. గొంతు ఆపలేదు. కళ్లు మాత్రం ఆ మూల మీదే ఉండిపోయాయి. తడిచేత్తో పేజీలు తిప్పిన పుస్తకం. ఐసు తీసిన చెయ్యి. నీళ్ల తడి ఆరితే కాగితం ముడతపడుతుంది గానీ అంటుకోదు. నీళ్ల తడికి చీమలు రావు.

ఆ కథలో పడుచు చివరికి తలుపు దాకా వెళుతుంది. గడియ మీద చెయ్యి వేసి అడుగుతుంది. “కాపురానికొచ్చిన ఇన్నేళ్లలో నువ్వు నన్నొక్కనాడూ పేరుపెట్టి పిలవలేదు. బయటున్నది ఎవరు?” బయట గొంతు ఆగిపోతుంది. అప్పుడు ఆమె వెనక, ఇంట్లోంచి, తడిసిన గొంతుతో ఎవరో “ఏమే” అంటారు.

కథ అయిపోయింది. ఒక ముసలమ్మ వెనక్కి తిరిగి చూసుకుంది.

“చదివాను,” అన్నాను. “బతికే ఉన్నాను. మీరంతా విన్నారు, మీరూ ఉన్నారు. లోకనాథ్, ఇలా రా. నీ కెమెరాలో జూమ్ బాగుంటుందని గొప్పలు చెబుతావుగా. ఈ మూల చూపించు.”

వాడు జూమ్ చేశాడు. చీమలు స్క్రీన్ నిండా కనిపించాయి.

“సూరమ్మా, ఇలా రా. నీ చెయ్యి ఎలా పెట్టి తిప్పేదానివో చూపించు.”

గుంపు పాయగా విడిపోయింది, దారి ఇవ్వడానికి కాదు, తగలకుండా ఉండటానికి. సూరమ్మ వచ్చి కుడిచేత్తో పేజీ మూల పట్టుకుంది. నల్లబడ్డ వేళ్లు ఆ గోధుమరంగు మరక మీద సరిగ్గా పడ్డాయి.

నేను మొదటి కథకి వెళ్లాను. మూలలు ముడతలు పడి ఉన్నాయి, తెల్లగానే ఉన్నాయి. రెండో కథ, మూడోది, అన్నీ అంతే. వేగంగా తిప్పుకుంటూ పోయాను. ‘ఉప్పుమడిలో అడుగులు’ అనే కథ దగ్గర మూలలు అతుక్కున్నాయి. అక్కడి నుంచి ‘పిలుపు’ కథ సగం దాకా ప్రతి పేజీ జిగురే.

“ఈ ఉప్పుమడి కథ ఎప్పుడు చదివావు?”

“మేస్టారు పోయే ముందు… ఐదు రోజుల ముందు. మొదటి తడవ పలాస ఎల్లని రోజమ్మా. ఆ రాత్రి నుంచే కాళ్లు బరువన్నారు.”

“విన్నారా?” నేను ఊరి వైపు తిరిగాను. “రోజుకో కథ. ఈ కథ ముందు వరకూ ఆ ఫ్లాస్కులో ఉన్నది నీళ్ల ఐసు. ఈ కథ నుంచి నీళ్ల ఐసు కాదు. తీపిది. చీమలు తినేది. డయాలసిస్ ఎగ్గొట్టిన రోజే ఐసు మారింది. మంత్రాలకి చీమలు పట్టవు. మాస్టారి నోట్లోకి ఏదో పోయింది. అదేమిటో ఈ ఐసు గడ్డకట్టించిన వాళ్లు చెప్పాలి.”

అందరూ మనోహర్ వైపు చూశారు. నేనూ అతన్నే చూశాను. అతను మాత్రం అరుగు మీద నిలబడ్డ తల్లి వైపు చూశాడు, గాభరాగా. అప్పుడు గానీ నాకు అర్థం కాలేదు. ఫ్లాస్కు మోసింది ఇతను, అంతే.

“ఐసు నానే ఎట్టినాను,” అంటూ విజయకుమారి మెట్లు దిగి వచ్చింది. ఆ మొహంలో దాపరికం లేదు. దొంగతనం మోపబడ్డ పనిమనిషిని విడిపించడానికి వచ్చిన యజమానురాలి ధీమా ఉంది. “దానికి ఇంత గొడవేటి? సూరమ్మనేటి అంటారు? ఫ్రిజ్జులో ట్రేలో నానే పోసినాను. మాయన్న దాహం సూడనేకపోనాను. వొట్టి నీల ఐసు సప్పరిస్తే ఏటి బలముంటాది? మన తోట కొబ్బరి బొండాలు దింపించి, ఆ నీలు గడ్డకట్టించి పంపినాను. సలవ సేస్తాదని.”

ఇన్నాళ్లూ ఉద్దానంలో బతికిన ప్రతి ప్రాణికీ తెలిసిన సంగతి అది. ఆసుపత్రి గోడ మీద బొమ్మ వేసి మరీ రాసిన సంగతి. కిడ్నీ పాడైనవాళ్లకి కొబ్బరినీళ్లు పనికిరావు. అందులోని పొటాషియం బయటికి పోయే దారి లేక ఒంట్లో పేరుకుంటుంది. ముందు కాళ్లూ చేతులూ పడిపోతాయి, తర్వాత గుండె ఆగుతుంది. డయాలసిస్ కూడా లేకపోతే ఇక చెప్పేదేముంది. ఇంటి చుట్టూ కొబ్బరిచెట్లు పెట్టుకొని, ఆ ఊరు రెండు దశాబ్దాలుగా రోగుల కంటికి బొండం కనపడకుండా దాచుకుంటోంది. నలభై ఏళ్లు వేరే రాష్ట్రంలో ఉన్న ఈవిడకు మాత్రం ఎవరూ చెప్పలేదు.

రాళ్లు పట్టుకున్న చేతులు ఒక్కొక్కటే కిందికి దిగాయి. ఇందాక నన్ను వద్దన్న పెద్దాయన కండువా నోటికి అడ్డం పెట్టుకున్నాడు. ఒక ఆడమనిషి బావురుమంది.

“ఏటి?” అంది విజయకుమారి. ఒక్కొక్కరి మొహం చూసుకుంటూ వచ్చింది. “ఎందుకల్లా సూత్తన్నారు నాకేసి? ఏటయిపోనాది?”

హంతకుణ్ణి వేలెత్తి చూపించడం నాకు చేతనవును. అన్నని ప్రేమించిన ఆడదానికి, నీ ప్రేమే చంపిందని చెప్పడం చేతకాలేదు. చెప్పింది సూరమ్మ. ఆవిడ దగ్గరికెళ్లి, రెండు చేతులూ పట్టుకొని, చెవి దగ్గర చిన్నగా నాలుగు మాటలు చెప్పింది.

విజయకుమారి నేల మీద కూలబడింది. తర్వాత తలెత్తి కొడుకుని వెతికింది.

“నీకు తెలుసు గదరా,” అంది. “రెండేళ్లు ఆసుపత్రికి తిప్పినావు. నీకు తెలుసు. నువ్వే గదరా బొండాలు దింపించినావు? ‘నీలు తాగొద్దన్నారు గానీ కొబ్బరినీలు వొద్దన్నేదమ్మా, మావయ్యకి సెప్పకు, మొగమాటపడతాడు’ అన్నావు. నువ్వే గదా?”

“అమ్మా, ఏం మాట్లాడుతున్నావు?” మనోహర్ గొంతు చాలా నెమ్మదిగా ఉంది. “నేనెప్పుడన్నాను? నీకు తెలియక చేశావు. పెద్దదానివి, ఒడిశా నుంచి వచ్చావు, ఎవరూ నిన్నేమీ అనరు. నాగసుధ మేడం, మా అమ్మని వదిలెయ్యండి. పొరపాటు.”

వాడి లెక్క నాకప్పుడు పూర్తిగా అర్థమైంది. చిల్లంగి నిలబడితే సూరమ్మ పోతుంది. నిలబడకపోతే కన్నతల్లి పోతుంది. రెండు చేతులు అడ్డం పెట్టుకొని తను వెనకున్నాడు. డయాలసిస్ ఎగ్గొట్టడానికి సాకు ఉంది, ఐసు మోయడానికి సాకు ఉంది. బొండాల మాట చెవిన పడ్డది ఒక్క తల్లికే. ఆవిడ ఇప్పుడు నోరు మూసుకుంటే, కొడుకు సాయంత్రానికి తోటలో పొక్లెయిన్ దింపుతాడు.

నేను ఆవిడ ముందు మోకాళ్ల మీద కూర్చున్నాను. “పెద్దమ్మా, మీరు చెప్పకపోతే నా దగ్గర ఏమీ లేదు. ఈ పుస్తకం ఏం మారిందో చెబుతుంది. ఎవరు మార్పించారో చెప్పదు. చెబితే మీరు కొడుకుని పోగొట్టుకుంటారు. నేను అబద్ధం చెప్పను.”

మనోహర్ దగ్గరికొచ్చి తల్లి భుజం పట్టుకొని లేపబోయాడు. “పద అమ్మా, లోపలికి.” ఆవిడ ఆ చెయ్యి తీసేసింది. విదిలించలేదు. వేడి గిన్నె దించినట్టు జాగ్రత్తగా తీసి పక్కన పెట్టింది.

“అయితే నానే సంపినానేటి?” అంది వాడితో. “మాయన్నని నానే సంపీసి, సూరమ్మ పేరెట్టీసి, ఇంట్లో కూకొని ఏడ్సినానేటి?”

వాడు తల్లి మొహంలోకి చూడకుండా లోకనాథ్ వైపు చూసి, “ఫోన్ ఆపు,” అన్నాడు గట్టిగా. “నిన్ను పిలిచింది నేను. ఆపమంటున్నాను.”

లోకనాథ్ ఫోన్ దించబోయాడు. అప్పటికి యాభై వేల మంది చూస్తున్నారట. వాడి చెయ్యి సగంలో ఆగిపోయింది. జీవితంలో మొదటిసారి వాడికేం చెయ్యాలో తోచలేదు. నా వైపు చూశాడు. నేను విజయకుమారిని చూశాను.

ఆవిడ సూరమ్మ చెయ్యి పట్టుకొని లేచింది. చీర సర్దుకుంది. నెమ్మదిగా నడుచుకుంటూ వెళ్లి కెమెరా ముందు నిలబడింది.

“ఇటు తిప్పు బాబూ,” అంది. “నా మొకం అవుపడతందా? నా పేరు విజయకుమారి. ఈ మనోహర్ నా కడుపున పుట్టినోడే. ఆడు నాకేటి సెప్పినాడో సెప్తాను, రాసుకోండి.”